దున్నేవాడికి భూమి ఇచ్చిన కర్నల్: గ్వాటెమాలా అధ్యక్షుడు హకోబో ఆర్బెన్స్

(మధ్య అమెరికా అధ్యక్షుల చరిత్ర - ధారావాహిక)

గ్వాటెమాలాను పదమూడేళ్ళు ఏకబిగిన ఏలిన జనరల్ హోర్హే ఉబికో 1944 జూలై 1న గద్దె దిగడంతో కిందటి భాగం ముగిసింది. నెపోలియన్‌తో తనను పోల్చుకుని మురిసిపోయిన ఆ నియంత వెళుతూ వెళుతూ అధికారాన్ని ముగ్గురు జనరళ్ళ చేతిలో పెట్టాడు. వారిలో ఫెదెరికో పోన్సే పెత్తనమంతా తనకింద పెట్టుకున్నాడు. బడిపంతుళ్ళు, విద్యార్థులు జూన్‌లో వీధుల్లోకి వచ్చి, మరియా చించియా అనే ఉపాధ్యాయురాలిని కాల్పుల్లో పోగొట్టుకుని మరీ ఉబికోను దించారు. ఇంత చేస్తే మరో ఉబికో వచ్చి కూర్చున్నాడని జనం ఉసూరుమన్నారు. సైన్యంలో ఆ మాట బాహాటంగా అనగలిగినవాళ్ళు తక్కువ. సైనిక విద్యాలయంలో పాఠాలు చెప్పే ముప్ఫై ఏళ్ళ కెప్టెన్ ఒకడు మాత్రం ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి, సరిహద్దు దాటి ఎల్ సాల్వడార్ వెళ్ళి, ప్రవాసంలో ఉన్న తిరుగుబాటుదారులతో చేతులు కలిపాడు. ఆయనే హకోబో ఆర్బెన్స్ గుస్మాన్.

కెట్సాల్టెనాంగో గ్వాటెమాలా పశ్చిమ కొండసీమలో పెద్ద పట్నం. స్విట్జర్లాండ్ నుంచి 1901లో వలస వచ్చిన హాన్స్ యాకోబ్ ఆర్బెన్స్ అక్కడ మందుల దుకాణం పెట్టుకున్నాడు. భార్య ఒక్టావియా గుస్మాన్ ఆ దేశపు మనిషే, చిన్నపిల్లలకు చదువు చెప్పేది. వాళ్ళకు 1913 సెప్టెంబరు 14న హకోబో పుట్టాడు. మొదట్లో ఇంట్లో దేనికీ లోటు లేదు. తర్వాత తండ్రి మార్ఫిన్‌కు బానిసయ్యాడు. దుకాణం దివాలా తీసింది. కలిగిన స్నేహితుడొకరు జాలిపడి తన ఎస్టేటులో చోటిస్తే కుటుంబమంతా అక్కడ తలదాచుకుంది. కొన్నాళ్ళకు తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఇంజనీరో, ఆర్థికవేత్తో కావాలని కలలుగన్న కుర్రవాడికి యూనివర్సిటీ ఫీజు కట్టే స్తోమత లేదు. సైనిక విద్యాలయంలో అయితే స్కాలర్‌షిప్ దొరుకుతుంది. 1932లో అందులో చేరాడు. ఇష్టపడి ఎంచుకున్న దారి కాకపోయినా చదువులో, క్రీడల్లో అందరికంటే ముందు నిలిచాడు. క్యాడెట్లకిచ్చే అత్యున్నత గౌరవం ‘ఫస్ట్ సార్జెంట్’ హోదా. 1924 నుంచి 1944 దాకా ఇరవై ఏళ్ళలో అది ఆరుగురికే దక్కింది. ఆ ఆరుగురిలో ఆర్బెన్స్ ఒకడు.

1935లో పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరాక ఆయనకు అప్పగించిన పనుల్లో ఒకటి ఖైదీలకు కాపలా కాయడం. కాళ్ళకు గొలుసులు వేసిన మనుషులను వరుసకట్టి వెట్టిపనికి తోలుకుపోవాలి. వాళ్ళలో రాజకీయ ఖైదీలూ ఉండేవారు. కూలీల మీద కొరడా పట్టుకు నిలబడే మేస్త్రీలా తనకు తాను కనిపించానని ఆర్బెన్స్ ఆ తర్వాత చెప్పుకున్నాడు. అప్పటి గ్వాటెమాలాలో జైలు గోడల బయట ఉన్న మాయా ఆదివాసుల బతుకు కూడా అంతకంటే పెద్ద మెరుగేం కాదు. ఉబికో 1934లో తెచ్చిన చట్టం ప్రకారం సొంత భూమి లేనివాడు ఏడాదికి 100 నుంచి 150 రోజులు పెద్ద రైతుల తోటల్లో పనిచేసి తీరాలి. ఎన్ని రోజులు చేశాడో రాసిన పుస్తకం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. పోలీసు అడిగినప్పుడు అందులో లెక్క తక్కువ కనబడితే జైలే. దీనికితోడు రోడ్లు వేయడానికి ఏటా రెండు వారాలు ఉచితంగా ఒళ్ళు వంచాలి. కాఫీ కోతకు కూలీల కొరత రాకుండా చూడడమే ఈ ఏర్పాటంతటికీ పరమార్థం.

1938లో ఆర్బెన్స్‌కు మరియా విలనోవాతో పరిచయమైంది. ఎల్ సాల్వడార్‌లో ఆమె తండ్రి కోటీశ్వరుడైన భూస్వామి. ఆమె కాలిఫోర్నియాలో చదువుకుంది. పెద్దలు కాదన్నా వినకుండా మరుసటేడు ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. తర్వాతి కాలంలో ఆర్బెన్స్ ఆలోచనలకు పదును పెట్టింది ఆమేనని శత్రువులూ మిత్రులూ ఇద్దరూ ఒప్పుకుంటారు. ఒక మహిళా సభలో ఎవరో చేతికిచ్చిన ‘కమ్యూనిస్టు మేనిఫెస్టో’ను ఆమె ఊరికి వెళుతూ భర్త పడక పక్కన పెట్టి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆయన దాన్ని చదవడం అయిపోయింది, దంపతుల మధ్య కొత్త చర్చ మొదలైంది. ఈ ఒక్క సంగతి పట్టుకుని ఆమెను భర్తను ఆడించిన మాయలాడిగా చిత్రించిన రాతలు అమెరికా పత్రికల్లో కుప్పలుగా వచ్చాయి. అందులో న్యాయం లేదు. గొలుసుల ఖైదీలను తోలుకుపోయిన మనిషికి దేశంలో జరిగే అన్యాయం తెలియడానికి ఎవరూ పుస్తకం ఇవ్వనక్కర్లేదు. అలా ఎందుకు జరుగుతున్నదో అర్థం చేసుకోవడానికి ఆ పుస్తకం పనికొచ్చింది, అంతే.

1944 అక్టోబరు 19 అర్ధరాత్రి రాజధానిలో ‘గార్డియా దె ఓనోర్’ అనే ట్యాంకుల దళం తిరగబడింది. దాన్ని నడిపినవాడు మేజర్ ఫ్రాన్సిస్కో హవియర్ అరానా. ఆర్బెన్స్ వచ్చి కలిశాడు. ఆయుధాగారం తలుపులు తెరిచి విద్యార్థులకు, కార్మికులకు తుపాకులు పంచారు. తెల్లవారేసరికి పోన్సే పని అయిపోయింది. అరానా, ఆర్బెన్స్, హోర్హే తోరియెయో అనే వ్యాపారి ముగ్గురూ కలిసి తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటు చేశారు. గెలిచిన సైనికులు కుర్చీని అంటిపెట్టుకోకుండా అన్నమాట ప్రకారం ఎన్నికలు జరిపించి దిగిపోవడం ఆ దేశ చరిత్రలో వింతగా తోచిన విషయం. అర్జెంటీనాలో ప్రొఫెసరుగా ఉన్న హువాన్ హోసే అరెవాలో 85 శాతం ఓట్లతో గెలిచి 1945 మార్చి 15న అధ్యక్షుడయ్యాడు. ఆర్బెన్స్ రక్షణ మంత్రి, అరానా సైన్యాధిపతి.

అరెవాలో ఆరేళ్ళ పాలనలో వెట్టి చట్టం రద్దయింది, 1947లో కార్మిక చట్టం వచ్చింది, బళ్ళు పెరిగాయి. భూమి జోలికి మాత్రం ఆయన పెద్దగా పోలేదు. పాతికకు తక్కువ కాకుండా కుట్రలు జరిగాయంటే, ఆయన కుర్చీలో నిలదొక్కుకోవడమే గొప్ప.

ఆ కుట్రలన్నిటికంటే పెద్దది సైన్యాధిపతి నుంచే వచ్చింది. 1949 జూలైలో అరానా అధ్యక్షుడి గదిలోకి వచ్చి మంత్రులను మార్చమని గడువు పెట్టాడు. అతన్ని పట్టుకుని దేశం దాటించాలని ప్రభుత్వం నిర్ణయించింది. జూలై 18న అమతిత్లాన్ సరస్సు దగ్గర వంతెన మీద ఆర్బెన్స్ మనుషులు అతని కారును ఆపారు. తుపాకులు పేలాయి, అరానా చచ్చిపోయాడు. చంపడానికే పంపారా, పెనుగులాటలో పోయాడా అన్న వాదన ఇప్పటికీ తేలలేదు. అసలు జరిగింది చెప్పకుండా ప్రభుత్వం నేరాన్ని ఇతరుల మీదికి నెట్టేసింది. ఇది ఆర్బెన్స్ జీవితంలో చెరగని మచ్చ. జరిగిన విషయం జరిగినట్టు చెప్పుంటే అరానా కుట్ర కూడా జనానికి తెలిసేది. నోరు మూసుకోవడంతో, అధ్యక్ష పదవికి అడ్డున్నవాణ్ణి తప్పించుకున్నాడన్న అపవాదు చివరిదాకా ఆయన వెంటే నడిచింది.

1950 నవంబరు ఎన్నికల్లో ఆర్బెన్స్‌కు దాదాపు 65 శాతం ఓట్లు పడ్డాయి. 1951 మార్చి 15న ప్రమాణ స్వీకారం చేసిన రోజు చెప్పిన మాటల సారాంశం ఇది: పరాయి దేశం మీద ఆధారపడిన గ్వాటెమాలా ఆర్థికంగా తన కాళ్ళ మీద నిలబడాలి, ఫ్యూడల్ పద్ధతుల నుంచి బయటపడి ఆధునిక పెట్టుబడిదారీ దేశం కావాలి, సామాన్యుడి బతుకు బాగుపడాలి. పెట్టుబడిదారీ దేశం అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ మనిషినే మూడేళ్ళ తర్వాత మాస్కో ఏజెంటని ముద్రవేసి దించారు.

అరటి కంపెనీ రాజ్యం

ఆర్బెన్స్ ఎదురుగా ఏ బలం నిలిచిందో తెలియాలంటే యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ సంగతి చెప్పుకోవాలి. బోస్టన్ నగరంలో దాని ప్రధాన కార్యాలయం. గ్వాటెమాలాలో దానికి దాదాపు అయిదున్నర లక్షల ఎకరాలుండేవి. దేశంలో అంత భూమి మరొకరికి లేదు. అట్లాంటిక్ వైపు ఉన్న ఒకే ఒక పెద్ద రేవు ప్యూర్టో బారియోస్ దాని గుప్పిట్లో ఉంది. రేవుకు వెళ్ళే రైలు మార్గం దాని అదుపులో ఉన్న కంపెనీది. కాఫీ పండించిన రైతు ఎవడైనా సరుకు బయటికి పంపాలంటే వాళ్ళ రైలెక్కించాలి, వాళ్ళ రేవులో దింపాలి, వాళ్ళడిగిన కిరాయి కట్టాలి. ఇదంతా చూసి జనం కంపెనీని ఆక్టోపస్ అని పిలిచేవారు.

ఆర్బెన్స్ మొదట కంపెనీ ఆస్తిని లాక్కోలేదు. పోటీ పెట్టాడు. రైలుకు పోటీగా రాజధాని నుంచి అట్లాంటిక్ తీరానికి రోడ్డు, కంపెనీ రేవుకు పోటీగా సాంతో తోమాస్‌లో ప్రభుత్వ రేవు, పరాయివాళ్ళ విద్యుత్తుకు పోటీగా హురూన్ మరినలా దగ్గర జలవిద్యుత్ కేంద్రం తలపెట్టాడు. ఇంజనీరు కావాలనుకున్న కుర్రవాడి మనసు ఈ పథకాల్లో కనిపిస్తుంది.

కంపెనీ భూముల్లో 85 శాతం బీడే. అందుకు కంపెనీ ఒక కారణం చెప్పేది. పనామా తెగులు తగిలిన నేలలో మళ్ళీ అరటి నిలవదు కనుక, కొత్త నేల ఎప్పుడూ చేతిలో ఉండాలన్నది దాని వాదన. అమృతపాణి వేసిన మన రైతులకూ ఆ తెగులు ఎంత మొండిదో తెలుసు. కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ సెంటు భూమి లేక లక్షలమంది అలమటించే దేశంలో లక్షల ఎకరాలను ఎప్పుడో పుట్టబోయే తోట కోసం ఖాళీగా అట్టిపెట్టడం ఏ లెక్కన న్యాయమో కంపెనీ చెప్పలేకపోయింది. 1950 జనగణన నాటికి సాగు భూమిలో 72 శాతం రెండు శాతం భూస్వాముల చేతుల్లో ఉంది.

900 నంబరు శాసనం

1952 జూన్ 17న చట్టసభ ఆమోదించిన 900 నంబరు శాసనం ఆర్బెన్స్ జీవితకాలపు పని. రాత్రిళ్ళు కూర్చుని స్వయంగా చదివి, చర్చించి, దిద్దించాడు. మొదటి ముసాయిదా రాసినవాడు ఆయన ఆప్తమిత్రుడు, కమ్యూనిస్టు నాయకుడు హోసే మాన్యుయెల్ ఫొర్తూనీ. రాసినవాడు కమ్యూనిస్టే అయినా చట్టం మాత్రం మెత్తనిది. సుమారు 224 ఎకరాలకు లోబడిన కమతాల జోలికి అది పోదు. అంతకు మించి ఉన్నా, ఓ మోస్తరు ఎస్టేటులో మూడింట రెండు వంతులు సాగు చేస్తుంటే ముట్టుకోదు. బీడు పెట్టిన పెద్ద ఎస్టేట్ల నుంచే తీసుకుంటుంది. తీసుకున్న దానికి 3 శాతం వడ్డీతో, గరిష్ఠంగా 25 ఏళ్ళ గడువు గల బాండ్ల రూపంలో పరిహారం ఇస్తుంది.

ఎంత పరిహారం? ఇక్కడే ఉంది కీలకం. 1952 మే నాటికి పన్ను కోసం భూస్వామి తన భూమికి స్వయంగా చూపించిన విలువ ఎంతో అంత. ఏళ్ళ తరబడి పన్ను ఎగ్గొట్టడానికి ఎకరాకు నామమాత్రపు ధర రాసి సంతకం పెట్టినవాళ్ళందరూ తమ సంతకానికే దొరికిపోయారు. యునైటెడ్ ఫ్రూట్ కూడా దొరికిపోయింది. 1953 మార్చిలో పసిఫిక్ వైపు తికిసాతేలో కంపెనీవి సుమారు 2 లక్షల 10 వేల ఎకరాలు ప్రభుత్వం తీసుకుంది. కంపెనీ చూపిన లెక్క ప్రకారమే ఎకరాకు దాదాపు 3 డాలర్లు, మొత్తం 6 లక్షల పైచిలుకు డాలర్లు ఇస్తామన్నది. కంపెనీ తరఫున అమెరికా విదేశాంగ శాఖ రంగంలోకి దిగి ఎకరాకు 75 డాలర్ల లెక్కన కోటీ 58 లక్షల డాలర్లు కట్టమన్నది. ఒకే భూమికి పన్ను కట్టేటప్పుడు ఒక ధర, అమ్మేటప్పుడు పాతిక రెట్ల ధర! ఒక ప్రైవేటు కంపెనీ బిల్లును పరాయి ప్రభుత్వం ముందు పెట్టడానికి ఆ దేశపు విదేశాంగ శాఖ సిగ్గుపడలేదన్నది చరిత్రలో రాసి ఉండవలసిన మాట.

ఊళ్ళలో ఆ చట్టం అమలైన తీరు మరీ ఆసక్తికరం. ప్రతి ఊరికీ అయిదుగురితో ఒక వ్యవసాయ సంఘం. ఒకరిని గవర్నరు, ఒకరిని పురపాలక సంఘం, మిగతా ముగ్గురిని ఊళ్ళోని రైతుకూలీ సంఘం ఎన్నుకుంటాయి. ఫలానా ఎస్టేటులో ఫలానా మేర బీడు పడి ఉందని ఏ కూలీ అయినా ఆ సంఘానికి అర్జీ పెట్టుకోవచ్చు. సంఘం వెళ్ళి కొలుస్తుంది, ఇరుపక్షాలనూ పిలిచి అడుగుతుంది, జిల్లా సంఘానికి పంపుతుంది. అక్కడ ఒప్పుకోనివారు పైకి వెళ్ళవచ్చు, ఆఖరి మాట అధ్యక్షుడిది. నిన్నటిదాకా హాజరు పుస్తకం పట్టుకుని పోలీసు ముందు వణికిన మాయా కూలీ, ఇవాళ దొర ఎస్టేటు కొలతలు కాగితం మీద పెట్టి అర్జీ ఇచ్చే స్థితికి వచ్చాడు. భూమి ఎంత ముఖ్యమో, ఆ అర్జీ ఇవ్వగలిగిన ధైర్యం అంత ముఖ్యం. భూస్వాములకు కంటగింపైంది కూడా అదే.

ఏడాదిన్నరలో సుమారు 14 లక్షల ఎకరాలు చేతులు మారాయి. దాదాపు లక్ష కుటుంబాలకు, అంటే 5 లక్షలమందికి నేల దొరికింది. అప్పటి దేశ జనాభా 30 లక్షల లోపే. చాలామందికి జీవితాంతం సాగు చేసుకునే హక్కు ఇచ్చారు. విత్తనానికీ ఎద్దుకూ అప్పులివ్వడానికి జాతీయ వ్యవసాయ బ్యాంకు తెరిచారు. పంటలు నాశనమైపోతాయని భూస్వాముల సంఘం చేసిన ప్రచారం నిజం కాలేదు. చట్టం వచ్చాక కాఫీ దిగుబడి తగ్గలేదు, మొక్కజొన్న పెరిగింది. ఆర్బెన్స్ తన వాటాగా భార్య తరఫున వచ్చిన భూమిలో 1,700 ఎకరాలు వదులుకున్నాడు.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పడం కూడా సరికాదు. చట్టం తేల్చేదాకా ఆగకుండా కొన్నిచోట్ల జనం ఎస్టేట్ల మీద పడ్డారు. ఊరికీ ఊరికీ మధ్య పాత హద్దు తగాదాలు మళ్ళీ రగిలాయి, ప్రాణాలు పోయాయి. 1953 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భూ పంపిణీకి అడ్డుపడితే, చట్టసభ ఆ న్యాయమూర్తులనే తొలగించింది. ప్రజాస్వామ్యాన్ని నమ్మినవాళ్ళు చేయకూడని పని అది. ఆ తొందరపాటు ప్రత్యర్థులకు ఆయుధమైంది.

కమ్యూనిస్టుల మాటకొస్తే, చట్టసభలో వాళ్ళు నలుగురే. మంత్రివర్గంలో ఒక్కరూ లేరు. కానీ అధ్యక్షుడి ఆంతరంగిక మిత్రుల్లో వాళ్ళే ఎక్కువ. భూసంస్కరణ కోసం ఊళ్ళు పట్టుకు తిరిగి, లంచాలు ముట్టకుండా పనిచేసినవాళ్ళూ వాళ్ళే కనుక ఆర్బెన్స్‌కు వాళ్ళంటే గురి. 1953 మార్చిలో స్టాలిన్ చనిపోతే గ్వాటెమాలా చట్టసభ ఒక నిమిషం మౌనం పాటించింది. వాషింగ్టన్‌లో ఆ నిమిషాన్ని ఎవరూ మర్చిపోలేదు. ఆర్బెన్స్ స్వయంగా కమ్యూనిస్టు పార్టీలో చేరింది మాత్రం పదవి పోయిన మూడేళ్ళకు, 1957లో.

వాషింగ్టన్ తీర్పు

అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్. గూఢచార సంస్థ సీఐఏకు అధిపతి ఆయన తమ్ముడు అలెన్ డల్లెస్. ఇద్దరూ ఒకప్పుడు పనిచేసిన సలివన్ అండ్ క్రామ్‌వెల్ న్యాయ సంస్థకు యునైటెడ్ ఫ్రూట్ కక్షిదారు. ఐసెన్‌హోవర్ ఆంతరంగిక కార్యదర్శి ఆన్ విట్‌మన్ భర్త కంపెనీలో ప్రచార విభాగం అధిపతి. ప్రజా సంబంధాల విద్యకు పితామహుడనిపించుకున్న ఎడ్వర్డ్ బెర్నేస్ కంపెనీ సొమ్ముతో అమెరికా విలేకరులను గ్వాటెమాలా తిప్పి చూపించి కథనాలు రాయించాడు. ఇన్ని చుట్టరికాలు చూసి, అరటిపళ్ళ కోసమే అంతా జరిగిందనేవారున్నారు. అది సగం నిజం. ఐసెన్‌హోవర్ ప్రభుత్వమే 1954 జూలైలో యునైటెడ్ ఫ్రూట్ మీద గుత్తాధిపత్యం కేసు పెట్టింది. కంపెనీ లేకపోయినా ఆ రోజుల్లో వాషింగ్టన్ ఆర్బెన్స్‌ను సహించేది కాదు. తన పెరట్లో ఒక చిన్న దేశం తన ఇష్టప్రకారం నడవడాన్ని, అదీ భూమి పంచి పొరుగువాళ్ళకు ఆశ పుట్టించడాన్ని అది ప్రమాదంగా చూసింది. కంపెనీ చేసిందల్లా ఆ భయానికి ఎరువు వేయడం.

1953 ఆగస్టులో ఆర్బెన్స్‌ను దించే పని మొదలైంది. ‘పీబీసక్సెస్’ అని రహస్య నామం, 27 లక్షల డాలర్ల ఖర్చు, ఫ్లోరిడాలోని ఓపా-లోకాలో కార్యస్థానం. అమెరికా కొత్త రాయబారిగా జాన్ ప్యూరిఫాయ్ వచ్చాడు. డిసెంబరులో ఆర్బెన్స్ దంపతులు ఆయన్ను భోజనానికి పిలిచారు, మాటలు ఆరు గంటలు సాగాయి. భూమి, కంపెనీ పన్నులు, రేవు గురించి ఆర్బెన్స్ చెబుతుంటే ప్యూరిఫాయ్ కమ్యూనిస్టుల పేర్లు ఏకరువు పెట్టాడు. బయటికి వచ్చి, ఈ మనిషి కమ్యూనిస్టు కాకపోతే అసలైనవాడు వచ్చేదాకా ఇతనే చాలునన్న అర్థంలో వాషింగ్టన్‌కు తంతి పంపాడు.

దండెత్తే సైన్యానికి నాయకుడిగా సీఐఏ ఎంచుకున్నది పాత తిరుగుబాటులో ఓడి ప్రవాసంలో ఉన్న కర్నల్ కార్లోస్ కాస్తియో ఆర్మాస్‌ను. హోండురాస్‌లో పోగుచేసిన అతని బలగం 480 మంది. అంతమందితో దేశం గెలవలేమని సీఐఏకూ తెలుసు. అందుకే అసలు యుద్ధం రేడియోలో నడిపింది. ‘విమోచన వాణి’ పేరుతో 1954 మే 1న మొదలైన స్టేషను గ్వాటెమాలా అడవుల్లోంచే మాట్లాడుతున్నట్టు నటించింది. కార్యక్రమాలు తయారైంది అమెరికాలో, ప్రసారమైంది సరిహద్దు బయటి నుంచి. వైమానిక దళంలో పనిచేసిన ఒక కర్నల్ దేశం విడిచి వచ్చేస్తే, అతనికి మద్యం పోసి, తోటి పైలట్లను పారిపోయి రమ్మని ఎలా పిలుస్తావో చెప్పమన్నారు. తాగిన మైకంలో అతను ఆవేశంగా మాట్లాడింది చాటుగా రికార్డు చేసి రేడియోలో వేశారు. ఇక ఏ పైలట్‌ను నమ్మాలో తెలియక ఆర్బెన్స్ తన విమానాలను తానే నేల మీద నిలిపేశాడు.

మే 15న ‘ఆల్ఫ్‌హెమ్’ అనే స్వీడన్ ఓడ ప్యూర్టో బారియోస్ చేరింది. అందులో చెకొస్లొవాకియా నుంచి కొన్న 2,000 టన్నుల ఆయుధాలున్నాయి. ఏళ్ళుగా అమెరికా ఆయుధాలు అమ్మకుండా కట్టడి చేస్తే గ్వాటెమాలా దొరికినచోట కొనుక్కుంది. వాషింగ్టన్ కోరుకున్న సాకు ఆ ఓడతో దొరికింది.

జూన్ 18న కాస్తియో ఆర్మాస్ సరిహద్దు దాటాడు. యుద్ధరంగంలో అతని పరిస్థితి దయనీయం. గువలాన్ అనే చిన్న ఊళ్ళో సెకండ్ లెఫ్టినెంట్ సీసర్ అగుస్తో సిల్వా హిరోన్ కింద 30 మంది సైనికులుండేవారు. పైనుంచి ఏ ఆజ్ఞా లేకుండానే ఆ కుర్రాడు 36 గంటలు పోరాడి 122 మంది దండును ముక్కలు చేశాడు. ప్యూర్టో బారియోస్‌లో పోలీసులు రేవు కూలీలకు తుపాకులిచ్చి మరో దండును తరిమికొట్టారు. కలిసి నిలబడితే గెలుపు చేతిలోనే ఉండేదని చెప్పడానికి ఈ రెండు ఊళ్ళు చాలు.

నిలబడనిది సైన్యమే. జూన్ 22న ఐసెన్‌హోవర్ కాస్తియో ఆర్మాస్‌కు మరో రెండు విమానాలివ్వడానికి ఒప్పుకున్నాడు. అవి లేకపోతే గెలుపు అవకాశం సున్నా, ఇస్తే 20 శాతం అని అలెన్ డల్లెస్ ఆయనకు చెప్పాడట. ఆ విమానాలు చేసిన నష్టం కంటే పుట్టించిన భయం పెద్దది. జకాపాలో మోహరించిన ప్రభుత్వ సైన్యాధికారులకు ఎదురుగా ఉన్న 480 మంది కనబడలేదు, వాళ్ళ వెనకాల నిలిచిన అమెరికా కనబడింది. ఇవాళ వీళ్ళను కొడితే రేపు మెరైన్లు దిగుతారనుకున్నారు. జూన్ 24న చికిముల పట్నం చేజారింది. ఏం జరుగుతున్నదో చూసి రమ్మని ఆర్బెన్స్ పంపిన కర్నల్ తిరిగి వచ్చి, అధికారులు యుద్ధం చేయరని, రాజీనామా చేయమంటున్నారని చెప్పాడు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో గ్వాటెమాలా పెట్టుకున్న మొర జూన్ 25న అజెండాలోకి కూడా ఎక్కలేదు. అనుకూలంగా 4, వ్యతిరేకంగా 5 ఓట్లు పడ్డాయి. బ్రిటన్, ఫ్రాన్సు తటస్థంగా కూర్చున్నాయి.

అప్పుడు ఆర్బెన్స్ ప్రజలకు తుపాకులు పంచమన్నాడు. పదేళ్ళ కిందట ఒక రాత్రి తాను చేసిన పనే అది. ఈసారి అధికారులు తాళాలు తీయలేదు. ఆయన చేసిన పొరపాట్లన్నిటిలోకి పెద్దది ఇదేనని చెప్పాలి. లక్ష కుటుంబాలకు భూమి ఇచ్చాడు, దాన్ని కాపాడే భారాన్ని మాత్రం తాను పెరిగిన సైన్యం మీదే వదిలేశాడు. ఆ అధికారులకు జీతాలు పెంచాడు, ఇళ్ళిచ్చాడు, పరువుగా చూశాడు. తన క్యాడెట్లు తనను విడిచిపెడతారని చివరి వారం దాకా ఆయన మనసు ఒప్పుకోలేదు.

1954 జూన్ 27 రాత్రి రేడియోలో రాజీనామా ప్రకటించాడు. యునైటెడ్ ఫ్రూట్‌నూ అమెరికా పాలక వర్గాలనూ పేరుపెట్టి నిందించి, సాధించినవాటిని కాపాడతాడన్న ఆశతో మిత్రుడు కర్నల్ దియాస్‌కు అధికారం అప్పగించాడు. రెండు రోజుల్లో ప్యూరిఫాయ్ దియాస్‌నూ పంపించేశాడు. పదకొండు రోజుల్లో అయిదు ప్రభుత్వాలు మారి చివరకు కాస్తియో ఆర్మాస్ వచ్చాడు. చదువురాని వాళ్ళకు ఓటు తీసేశాడు, 900 నంబరు శాసనాన్ని రద్దు చేసి భూములు పాత యజమానులకు ఇప్పించాడు. 1957 జూలైలో అధ్యక్ష భవనంలోనే హత్యకు గురయ్యాడు.

ఆర్బెన్స్ కుటుంబం 73 రోజులు మెక్సికో రాయబార కార్యాలయంలో తలదాచుకుంది. సెప్టెంబరులో దేశం విడిచి వెళ్ళడానికి అనుమతి ఇచ్చి, విమానాశ్రయంలో నగలు దాచాడంటూ ఆయన బట్టలు విప్పించి, ఫోటోలు తీయించారు. ఆ తర్వాత పదహారేళ్ళకు పైగా మెక్సికో, స్విట్జర్లాండ్, పారిస్, ప్రాగ్, మాస్కో, మాంటెవిడియో, హవానా. తండ్రి దేశమైన స్విట్జర్లాండ్, తన పౌరసత్వం కావాలంటే గ్వాటెమాలా పౌరసత్వం వదులుకోమంది, ఆయన ఒప్పుకోలేదు. ఉరుగ్వేలో ఉద్యోగం చేయకూడదు, రాజకీయం మాట్లాడకూడదు, వారం వారం పోలీసు స్టేషనులో కనబడాలి. 1965లో కూతురు అరబెల్లా బొగోటాలో ఆత్మహత్య చేసుకుంది. అప్పటికే తాగుడుకు లోనైన తండ్రి ఆ దెబ్బనుంచి కోలుకోలేదు. 1971 జనవరి 27న మెక్సికో నగరంలో స్నానాల తొట్టిలో శవమై కనిపించాడు. వయసు 57.

ఆర్బెన్స్ పతనాన్ని కళ్ళారా చూసినవారిలో అప్పుడే వైద్య పట్టా పుచ్చుకుని గ్వాటెమాలా వచ్చిన అర్జెంటీనా యువకుడు ఎర్నెస్టో గువేరా ఒకడు. పాత సైన్యాన్ని అలాగే ఉంచి విప్లవం నిలబెట్టలేమన్న పాఠాన్ని అక్కడ నేర్చుకుని క్యూబాకు పట్టుకెళ్ళాడు. గ్వాటెమాలా మాత్రం దానికి మరో రకంగా మూల్యం చెల్లించింది. 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 దాకా సాగింది. రెండు లక్షలమంది చనిపోయారు లేదా మాయమయ్యారు. గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలని 1999లో సత్య విచారణ సంఘం తేల్చింది. వాళ్ళ తాతలూ తండ్రులే ఒకప్పుడు బీడు భూముల మీద అర్జీలు పెట్టుకున్నవాళ్ళు.

ఆర్బెన్స్‌కు మాస్కోతో ఉన్న సంబంధం రుజువు చేయడానికి సీఐఏ 1954లోనే లక్షన్నర పత్రాలు వెతికించింది. చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. ఆయన అస్థికలు 1995 అక్టోబరులో గ్వాటెమాలా చేరాయి. భార్య మరియా వెంట వచ్చింది. 2011 అక్టోబరు 20న అధ్యక్షుడు ఆల్వరో కొలోం జాతీయ భవనంలో ఆర్బెన్స్ కొడుకు హువాన్ హకోబోకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. కంపెనీ రైలుకు పోటీగా ఆర్బెన్స్ తలపెట్టిన అట్లాంటిక్ రహదారికి ఆయన పేరే పెట్టారు. 2024 జనవరిలో గ్వాటెమాలా అధ్యక్ష పదవి చేపట్టిన బెర్నార్దో అరెవాలో, 1945లో ఆర్బెన్స్‌ను రక్షణ మంత్రిగా తీసుకున్న హువాన్ హోసే అరెవాలో కొడుకు. తండ్రి ప్రవాసంలో ఉండగా 1958లో మాంటెవిడియోలో పుట్టాడు. అప్పటికి ఆర్బెన్స్ కూడా ఆ నగరంలోనే ఉంటున్నాడు.

(వచ్చే భాగంలో: 1948లో సైన్యాన్నే రద్దు చేసిన కోస్టారికా నాయకుడు హోసే ఫిగ్యురెస్)